ఆపరేషన్ తర్వాత మూడో నెల

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మొదటి రెండు నెలలూ హుషారుగా వస్తారు. మోకాళ్లు తేలికపడ్డాయని, సుగర్ మాత్రలు తగ్గాయని చెబుతారు. మూడో నెలలో మాట మారిపోతుంది.

భావనపాడు నుంచి వచ్చిన ఒకావిడ కొంగుముడి విప్పి, దువ్వెనకు వచ్చిన జుత్తు ఉండ నా బల్ల మీద పెట్టింది. హార్బరులో చేపలు కొని చుట్టుపక్కల ఊళ్లలో అమ్ముకునే మనిషి. విశాఖలో స్లీవ్ ఆపరేషన్ చేయించుకుంది. "సన్నబడ్డాను బాబూ, జుత్తూ ఊడిపోతంది. ఊరంతా నాకేదో పెద్దరోగమని సెప్పుకుంతన్నారు" అంది.

ఆ భయానికే ముందు జవాబు చెప్పాలి. విశాఖ వెళ్లి కీమో చేయించుకుని వచ్చినవాళ్లను మన ఊళ్లు చూశాయి. చిక్కిన ఒళ్లు, పలచబడిన తల కనిపిస్తే జనానికి అదే గుర్తొస్తుంది. ఇది అది కాదు. తలమీద దాదాపు లక్ష వెంట్రుకలుంటే, మామూలుగా పదోవంతు దాకా విశ్రాంతిలో ఉంటాయి. ఆపరేషన్, ఒక్కసారిగా తిండి తగ్గడం, బరువు పడిపోవడం అన్నీ కలిసి మరెన్నో వెంట్రుకలను ఒకేసారి ఆ దశలోకి నెడతాయి. విశ్రాంతి సుమారు మూడు నెలలు. అందుకే మూడో నెలలో గుప్పెళ్లుగా రాలతాయి. కుదురు చావదు.

"పిల్లలు పుట్టాక ఊడలేదా అమ్మా?" అని అడిగాను. ఊడింది, మళ్లీ వచ్చింది అంది. ఇదీ అలాంటిదే. కొన్ని నెలల్లో రాలడం తగ్గుతుంది. కొత్త వెంట్రుక నెలకు సెంటీమీటరే పెరుగుతుంది కనుక జడ లావెక్కడానికి ఏడాది దాటుతుంది.

అయితే ధైర్యం చెప్పి పంపేస్తే సగం పనే అయినట్టు. ఏం తింటున్నావని అడిగితే గంజి, చోడంబలి, చారన్నం అంది. రోజూ చేపలమ్మే మనిషి చేప తినడం లేదు! మంచివి అమ్మకానికి, మిగిలినవి పిల్లలకు. స్లీవ్‌లో కడుపు సంచిలో ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు. ఆ మిగిలిన కాస్త చోటూ గంజితో నిండితే మాంసకృత్తులకు తావేదీ? రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే, వంద గ్రాముల చేపలో ఇరవై దాకా ఉంటాయి. కవ్వళ్లయినా కానాగడతలైనా సరే, పలచని పులుసులో ఉడికించి, ముళ్లు తీసి, మెత్తగా నమిలి ముందు చేప తినాలి, అన్నం తర్వాత. వెంట వచ్చిన అత్తగారికీ ఇదే చెప్పాను. వడ్డించేది ఆవిడే కదా.

ప్రొటీన్ పొడి మాత్రం వెంటనే రాయలేదు. ఉద్దానం మనకు పక్కనే. కారణం ఇంకా తేలని కిడ్నీ జబ్బు అక్కడ ఎన్నో ఇళ్లను కూల్చింది, 2023లో పలాసలో దానికోసమే పరిశోధన కేంద్రంతో పెద్దాసుపత్రి పెట్టాల్సి వచ్చింది. ఇక్కడ కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా పొడి డబ్బాలు రాయడం నాకు సమ్మతం కాదు.

టెక్కలి వైపు అమ్మాయిది వేరే కథ. బరువు తగ్గడానికి కడుపుకు చేసే బైపాస్ ఆపరేషన్ జరిగి ఏడాదిన్నర దాటాక జుత్తు రాలడం మొదలైంది. దీన్ని ఆపరేషన్ కుదుపు అని సర్దిచెప్పకూడదు. ఇంత ఆలస్యంగా రాలుతోందంటే ఒంట్లో ఏదైనా లోటుందేమో చూడాలి. బైపాస్‌లో తిండి చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించుకుని పోతుంది, ఐరన్ ఎక్కువగా ఒంటికి పట్టేది అక్కడే. ఆమె ఆపరేషన్ తర్వాత వాడాల్సిన మాత్రలన్నీ మానేసి, స్నేహితురాలు చెప్పిందని బయోటిన్ మాత్రం వాడుతోంది. బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ పరీక్ష కూడా తప్పుగా రావచ్చు. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ సంగతి హెచ్చరించింది. అందుకని కొన్నాళ్లు ఆపించి రక్తం తీయించాను. థైరాయిడ్ బాగానే ఉంది. ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్, బి12 రెండూ అడుగంటాయి.

ఐరన్ నరంలోకి ఎక్కించాం, బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. కాల్షియం మాత్రకూ ఐరన్ మాత్రకూ మధ్య రెండు గంటలు, ఐరన్‌తో టీ వద్దు, ఈ మాత్రలు జీవితాంతం అని తల్లి ఎదుట చెప్పాను. ఈ మాట ఆపరేషన్‌కు సంతకం పెట్టించిన రోజే, ఇంటివాళ్లందరికీ అర్థమయ్యే తెలుగులో చెప్పి ఉండాల్సింది. రాలడం తగ్గడానికి నెలలు పట్టింది. నుదుటి పైన కొత్త వెంట్రుకలు లేచాక, పరీక్షలకు వాళ్లమ్మ గుర్తుచేయకుండానే తనే వస్తోంది.