పట్టీదా తప్పు... బరువుదా?

పానగల్‌లో ఉదయసముద్రం కట్ట దాటగానే పెద్ద గుంత. బండి దబ్బున దిగింది. వెనక 'టప్'మని చప్పుడు! బత్తాయి బస్తాల మినీ ట్రక్కు ఎడమవైపు ఒరిగింది. బస్తాల మీద కూర్చున్న ఇద్దరు కూలీలు కిందికి దూకేశారు. చూస్తే... కమాన్ కట్టలో పెద్ద పట్టీ విరిగింది.

'కంపెనీ పట్టీలన్నీ ఇంతే, నాసిరకం' అని విసుక్కున్నాడు డ్రైవరు. ఇంకో రెండు పట్టీలు ఎక్కించమని నల్గొండలో మెకానిక్‌ని అడిగాడు.

'ఎన్నైనా ఎక్కిద్దామన్నా... మరి బ్రేకుల సంగతేంది?'

అసలు విషయం ఆ ప్రశ్నలోనే ఉంది. పట్టీలు పెంచితే కమాన్ గట్టిపడుతుంది. కానీ ఇరుసు, టైర్లు, బ్రేకులు పాతవే! భారమంతా వాటిమీద పడుతుంది. ఖాళీగా వెళ్తే బండి ఎగిరెగిరి పడుతుంది.

మంచుదేశాల్లో స్నోమొబైళ్లు నడిపేవాళ్లదీ ఇదే గొడవ. వెనక సస్పెన్షన్‌లో కంపెనీ స్ప్రింగులు మెత్తగా ఉన్నాయని గట్టివి వేయిస్తుంటారు. చుట్టల స్ప్రింగులో తీగ మందం 10 శాతం పెరిగితే చాలు, గట్టిదనం దాదాపు 46 శాతం పెరుగుతుంది. మిగతా బండి మాత్రం అలాగే ఉంటుంది.

చివరికి డ్రైవరు రెండువైపులా కంపెనీ లెక్క ప్రకారమే కొత్త కమాన్లు వేయించాడు. మొదటి ట్రిప్పు కాగానే యూ బోల్టులు మళ్లీ బిగించుకున్నాడు. ఆర్సీలో రాసిన బరువు మించకుండా రెండు ట్రిప్పులు వేస్తున్నాడు. డీజిల్ ఖర్చు పెరిగింది. కూలీలిద్దరూ బస్సులో వస్తున్నారు... ఆ టికెట్టు డబ్బులూ అతనే ఇస్తున్నాడు.