పెట్టెలో దుర్భిణి

జగిత్యాల కోటను మీలో కొందరు చూసే ఉంటారు. 1747లో ఫ్రెంచివారి పద్ధతిలో కట్టిన కోట అది. పైనుంచి చూస్తే నక్షత్రంలాగా ఉంటుంది. గోడ తిన్నగా ఉంటే, దాని అడుగున చేరిన శత్రువు పైనున్న ఫిరంగికి అందడు. కోణాలు ముందుకు పొడుచుకు వస్తే, ఒక కోణంలోని ఫిరంగి పక్క గోడ అడుగును కాస్తుంది. అందుకూ ఆ ఆకారం.

ఆ కోటలో ఇప్పటికీ ఫిరంగులున్నాయి. వాటిని ఎవరూ పేల్చరు, పేల్చకూడదు కూడా. పాత ఫిరంగి పగిలితే పేల్చినవాడికే ముప్పు. హైదరాబాదులో సాలార్‌జంగు కుటుంబం పోగుచేసిన కత్తులూ అంతే. 1951లో మ్యూజియం తెరిచిన నాటినుంచి జనం వాటిని చూసి సంతోషిస్తున్నారు. కత్తి ఒరలోనే ఉండిపోతే ఎవరికి నష్టం?

కాని సైనిక సామానంతా చంపటానికి చేసింది కాదు.

కోరుట్లలో నాకు తెలిసిన పెద్దమనిషి ఒకరుండేవారు. హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా ఆయన జుమ్మెరాత్ బజారులో పాత సైనిక సామాను కొనుక్కు వచ్చేవారు. దిక్సూచి, నీళ్ళసీసా, చేతిగడియారం — అన్నీ పనిచేసేవే. ఏదీ వాడేవారు కాదు. గడియారానికి కీ కూడా ఇచ్చేవారు కాదు! వాటిలో రెండవ ప్రపంచయుద్ధం నాటి రెండు గొట్టాల దుర్భిణి ఉండేది. దాని ముందు అద్దం వెడల్పు 30 మిల్లీమీటర్లు. చీకట్లో మన కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది. లెక్క కట్టి చూడండి: ఆ అద్దం కంటికన్నా సుమారు 18 రెట్లు వెలుగును పోగుచేస్తుంది.

1986లో హేలీ తోకచుక్క వచ్చింది. నేనప్పుడు సిరిసిల్లలో కొత్త ఉపాధ్యాయుణ్ణి. ఆసారి అది భూమికి దూరంగా పోయింది, మసకగా కనబడింది. మార్చి నెల తెల్లవారుజామున పిల్లలు మేడ ఎక్కి, ఆగ్నేయంగా చూసి, "ఏదీ, సార్?" అనేవారు. దుర్భిణి అడుగుదామని కోరుట్ల వెళ్ళాను. ఒక కుర్రవాడు కూడా నాతో వచ్చాడు.

"వాడితే అరిగిపోతుంది, సారూ," అన్నారాయన.

"తాతా, సాంచా ఆపితేనే తుప్పు పడుతుందని మా నాయన అంటాడు," అన్నాడు కుర్రవాడు. సాంచా అంటే మరమగ్గం.

ఆయన నవ్వారు గాని, ఇవ్వలేదు. ఆయన వస్తువు, ఆయన ఇష్టం. ఆ తోకచుక్క మళ్ళీ 2061లో వస్తుంది. ఆనాటి పన్నెండేళ్ళ పిల్లలకు అప్పటికి 87 ఏళ్ళు.

ఆయన పోయిన తరవాత కొడుకు పెట్టె తెరిచి నన్ను పిలిచాడు. తోలుసంచి వానాకాలపు చెమ్మను పీలుస్తుంది. గాలీ వెలుతురూ లేక, లోపలి అద్దం మీద బూజు సాలెగూడులాగా అల్లుకున్నది. ఈ బూజు ఆమ్లం విడుస్తుంది. అది గాజును తినేస్తుంది. తుడిచినా మచ్చ పోదు. గడియారంలో నూనె గట్టిపడింది. దిక్సూచి మాత్రం ఉత్తరాన్నే చూపుతున్నది.

దుర్భిణికి ఒక గొట్టం బాగానే ఉన్నది. కొడుకు దాన్ని మా బడికి ఇచ్చాడు. ఆ రాత్రి పిల్లలు వరుసగా నిలబడి, ఒక కన్ను మూసుకుని, చంద్రుడి మీది గుంటలు చూశారు.