ఏ పని చేస్తావు?

మా పేటలో జ్వరానికి మూడే పేర్లు. మలేరియా, టైఫాయిడ్, విషజ్వరం. మొదటి రెండూ ఆర్‌ఎంపీ గారు పెట్టేవి, మూడోది పేపరోళ్ళు పెట్టేది. "విషజ్వరాలతో మంచం పట్టిన కాలనీ" అని వానాకాలంలో జిల్లా పేజీలో ఓ వార్త వస్తుంది. బ్లీచింగ్ చల్లుతారు. అయిపోతుంది. తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి కాబట్టి నాకో అనుమానం. వచ్చిపోతూ ఉండే జ్వరాన్ని ఆయుర్వేదంలో విషమజ్వరం అన్నారు. అందులో 'మ' జారిపోయి విషజ్వరం అయిందేమో. ఎలా అయితేనేం, విషం అనేశాక అదెక్కణ్ణించి వచ్చిందో ఎవరూ అడగరు.

2008 శ్రావణంలో మా నాన్నకొచ్చింది. కైకలూరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో వల లాగే కూలీ ఆయన. తెల్లారకముందే పీకల్లోతు నీళ్ళలో దిగితే పొద్దెక్కాకే గట్టు మీదికి. ఆ పని లేని రోజు నారు మోసేవాడు. నేనప్పుడు డిగ్రీ మొదటి ఏడాది. నాన్న జ్వరానికి కాదు, పిక్కల నొప్పికి ఏడ్చాడు. ఆయన ఏడవగా అదే చూడటం. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. వైడల్ టెస్టు చేసి టైఫాయిడ్ అన్నారు. సూదులు, సెలైన్లు. ఆరో రోజుకి కళ్ళు పచ్చబడ్డాయి. తాగుడు వల్ల కామెర్లన్నారు. (తాగేవాడు, దాచను. ఆ నీళ్ళలో ఆ చలికి తాగని కూలీ ఎంతమంది?) పసరు మందు పోయించాం. మూత్రం ఆగిపోయాక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ఏ ఊరన్నారు, ఊళ్ళో ఎటువైపన్నారు. ఏం పని చేస్తాడని మాత్రం అడగలేదు. పదకొండో రోజున శవాన్ని తెచ్చుకున్నాం.

పదేళ్ళ తర్వాత, 2018 ఆగస్టులో కేరళ మునిగింది. పీహెచ్‌డీ హాస్టల్లో నా పక్క గది మలయాళీ మిత్రుడు ఇంటికి ఫోన్ చేసి, నీళ్ళలో దిగేవాళ్ళందరూ డాక్సీసైక్లిన్ మాత్ర వేసుకోండని అరుస్తున్నాడు. ఎందుకన్నాను. "ఎలిప్పని" అన్నాడు. ఎలి అంటే ఎలుక, పని అంటే జ్వరం. అక్కడ ముసలమ్మలకు కూడా తెలిసిన మాటట. లక్షణాలు చెప్పాడు: గట్టి జ్వరం, ఎర్ర కళ్ళు, పిక్కల నొప్పి, ముదిరితే కామెర్లు, కిడ్నీలు. నేను మంచం మీద కూలబడ్డాను.

డాక్టర్ల భాషలో అది లెప్టోస్పైరోసిస్. ఆ సూక్ష్మజీవి ఎలుక కిడ్నీల్లో ఉంటుంది, ఎలుకకు మాత్రం ఏమీ కాదు. మూత్రంతో బయటికొచ్చి తడి నేలలో, మంచినీళ్ళలో వారాల తరబడి బతుకుతుంది. చర్మం మీద చిన్న గీత చాలు, లోపలికి పోతుంది. పశువులూ పందులూ కుక్కలూ కూడా మోస్తాయి. మొదట్లో పట్టుకుంటే పెన్సిలిన్‌కీ డాక్సీసైక్లిన్‌కీ లొంగుతుంది. పొలం గట్టు, చెరువు గట్టు అంతా ఎలుక బొరియలే. నాట్ల రోజుల్లో మా ఆడవాళ్ళ వేళ్ళ సందులు నాని, చీలి, పుండ్లవుతాయి. ఆషాఢంలో గోరింటాకు మీకు అలంకారం కావచ్చు. మా అమ్మ అరికాళ్ళకు పట్టించుకునేది.

నాన్నది అదేనని రుజువు చేయలేను. ఆ నెత్తురిప్పుడు లేదు. కానీ టైఫాయిడ్ అనడానికి ఉన్న రుజువు కూడా ఒక్క వైడలే. టైఫాయిడ్ ఎప్పుడూ తిరిగే మన ఊళ్ళలో ఆ ఒక్క పరీక్షను నమ్మి రోగం తేల్చకూడదని వైద్యులే చెబుతారు.

దోమ సంగతి వేరు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. పైగా డెంగీ దోమ మేడ మీదికీ ఎక్కుతుంది. అందుకే దానికి ఫ్రైడే డ్రైడే ఉంది. ఎలుక మూత్రం, కాలు బురదలో పెట్టేవాడి కోసమే కాచుక్కూచుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు సాయానికి బయల్దేరిన మా పిల్లలతో, ముందు డాక్టర్ని డాక్సీ సంగతి అడగండ్రా అన్నాను. "సార్, మీరు తెలుగు లెక్చరరు కదా" అని నవ్వారు.

2025 చివర్లో స్క్రబ్ టైఫస్ చావులు వార్తలకెక్కాయి. అదీ ఇలాంటిదే. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికానని పురుగు పిల్ల కుడుతుంది. కుట్టినచోట చాలామందికి సిగరెట్ కాల్చినట్టు నల్ల మచ్చ పడుతుంది, అదీ చంకలోనో గజ్జల్లోనో నడుం బిగువులోనో. అది కనపడాలంటే ఒంటి మీద చెయ్యి వేసి వెతకాలి. బల్లకి అవతల నుంచే చీటీ రాసిచ్చే వైద్యం మా వాళ్ళకు కొత్త కాదు.

రామజ్జిని అనే ఇటలీ వైద్యుడు 1700లోనే రాశాడు, రోగిని అడిగే ప్రశ్నలకు ఇంకొకటి చేర్చండి: నువ్వు ఏ పని చేస్తావు? మలయాళీల పని జ్వరం, మన పని కూలి. ఈ రెంటినీ కలిపి చూసే ప్రశ్న మూడు వందల ఏళ్ళు దాటినా కైకలూరు దాకా రాలేదు.

అమ్మ ఇంకా నాట్లకెళ్తుంది. మానెయ్యమంటే వినదు. గమ్ బూట్లు కొనిచ్చాను. ఒక్క పూట వేసుకుని పట్టుకొచ్చేసింది. "బురదలో దిగబడిపోయి కాలు పైకి రాట్లేదురా. ఇయ్యి గట్టు మీద నుంచునేవోళ్ళకి."

పోయిన వారం అమ్మకి జ్వరం. ఆసుపత్రిలో కుర్ర డాక్టరు టెస్టులు రాయబోతుంటే ఆగలేక చెప్పేశాను: "మా అమ్మ నాట్లేస్తుందండీ. పది రోజులుగా బురదలోనే ఉంది. చేలో ఎలుకలున్నాయి." పెన్ను పక్కన పెట్టాడు. కుర్చీలోంచి లేచొచ్చి, వంగి, అమ్మ పిక్క పట్టుకుని నొక్కాడు.

"ఇక్కడ నొప్పి ఉందా అమ్మా?"

అమ్మ ఆయనకేసి కాదు, నాకేసి చూసింది. "మీ నాన్నకీ ఇక్కడే కదరా" అంది.