నెలాఖరు పట్టికలో ఎనిమిదో స్థానం

ముందే చెప్పేస్తున్నా, ఇది క్రికెట్ గురించి కాదు. డబ్బులు పెట్టి ఆడే ఫాంటసీ లీగుల గురించి అసలే కాదు. అవి మన రాష్ట్రంలో 2020లోనే నిషేధం, 2025లో వచ్చిన కేంద్ర చట్టంతో దేశమంతా నిషేధం. నేను చెప్పబోయేది సైకిల్ రేసుల జట్టుకి మేనేజరుగా ఉండే కంప్యూటర్ ఆట గురించి. "సైకిలుకి మేనేజరేందిరా?" అని మా నాన్న అడిగినట్టే మీరూ అడుగుతారని తెలుసు. కాస్త ఓపిక పట్టండి.

సయనైడ్ అని ఒక ఫ్రెంచ్ కంపెనీ ఉంది (నిజంగా పేరు అదే). వాళ్ళు 2001లో సైక్లింగ్ మేనేజర్ అనే గేమ్ తెచ్చారు. తర్వాత అదే ప్రో సైక్లింగ్ మేనేజర్ అయి, ఇంచుమించు ఏటా ఒక కొత్త వెర్షన్‌తో వస్తూనే ఉంది. ఇందులో మన పని తొక్కడం కాదు, జట్టు నడపడం. ఎవర్ని తీసుకోవాలి, ఎంత జీతమివ్వాలి, ఏ రేసుకి ఎవర్ని పంపాలి, ఎవడు ఎవడికోసం తొక్కాలి. ప్రతి రైడరుకీ మైదానానికి ఇన్ని, కొండకి ఇన్ని, స్ప్రింటుకి ఇన్ని, రాళ్ళ రోడ్డుకి ఇన్ని, ఓపికకి ఇన్ని అని వరసగా మార్కులుంటాయి. ఎక్సెల్ షీటు కనిపిస్తే అన్నం మరిచిపోయే జాతి మనది, ఇంక చెప్పేదేముంది :)

మేం ఎనిమిది మందిమి. అందరిదీ ఒకే ఇంజినీరింగ్ కాలేజీ, అందరం నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు ఊళ్ళ వాళ్ళం. ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు, చెన్నైల్లో ఉన్నాం, ఒకడు డాలస్‌లో. జట్లకి ఎవరి ఊరి పేరు వాళ్ళు పెట్టుకున్నాం: మైపాడు, కోడూరు, ముత్తుకూరు, అల్లూరు, విడవలూరు, కావలి, బోగోలు, జువ్వలదిన్నె. జట్టుకి పన్నెండు మంది రైడర్లు, జీతాలకి ఒక పరిమితి. గేమ్ ఒకడి దగ్గర నడుస్తుంది, మిగతా వాళ్ళం శుక్రవారం రాత్రికల్లా మా ప్లాన్లు పంపిస్తాం. నెలాఖరుకి జట్ల పట్టిక వస్తుంది. ఆ పట్టిక తీసేది నేనే. చిన్న పైథాన్ స్క్రిప్టు, నాలుగు సెకన్ల పని.

గొడవంతా ఆ పట్టికతోనే.

జువ్వలదిన్నె జట్టు జనవరి నుంచి ప్రతి నెలా ఎనిమిదో స్థానమే. వాడు జట్టు కట్టిన పద్ధతి అలాంటిది. జీతాల డబ్బులో సగం పోసి ఒక్క కొండ రైడర్ని తీసుకున్నాడు. మిగతా పదకొండు మందీ కూలిపనికి పనికొచ్చేవాళ్ళు. ఎదురుగాలి తినేవాళ్ళు, నీళ్ళ సీసాలు మోసేవాళ్ళు, నాయకుడి చక్రం పంక్చరైతే తమ చక్రం తీసిచ్చేవాళ్ళు. వీళ్ళని ఫ్రెంచిలో 'దొమెస్తిక్' అంటారు, పనివాడనే అర్థం. ఇలాంటి జట్టుకి ఫిబ్రవరి, మార్చి నెలల్లో పాయింట్లు రావు. చిన్న రేసుల్లో దూకి ఏడో స్థానమో తొమ్మిదో స్థానమో ఏరుకునే రైడర్లు వాడి దగ్గర లేరు. వాడు చూస్తున్నది జులై వైపు. మా పట్టిక చూస్తున్నది నెలాఖరు వైపు.

మే నెల పట్టిక పంపిన రాత్రి ఫోన్ చేశాడు. "రే, ఆఫీసులో ఒకటి చాలదా? మీరూ ఒక పట్టిక పంపిస్తన్నారు."

ఆ రోజే తెలిసింది. వాళ్ళ కంపెనీలో ఎవరెన్ని టికెట్లు మూశారో నెలనెలా ఒక పట్టిక తీసి టీమంతటికీ పంపుతున్నారట. నాలుగు నెలలుగా మావాడు అట్టడుగున. వాడి సంగతి నాకు కాలేజీ నుంచి తెలుసు. బిల్డ్ పడిపోతే లేపేవాడు, కొత్తగా చేరిన పిల్లల పక్కన కూర్చుని నేర్పేవాడు, ప్రొడక్షన్‌లో ఏదన్నా కాలితే రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేవాడు. పక్కవాడి టికెట్ వీడి సాయంతో మూతబడితే లెక్క పక్కవాడి ఖాతాలోకి పోతుంది. వీడి పేరుతో ఉన్న టికెట్లు అట్టాగే తెరిచి ఉంటాయి. మార్చిలో రేటింగ్ తగ్గింది. ఏప్రిల్లో 'ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్' అని ఒక కాగితం చేతిలో పెట్టారు. ఆ కాగితం అర్థమేంటో మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

జూన్‌లో వాడి నుంచి ప్లాన్లు రావడం ఆగిపోయింది.

ఇక్కడ గాలి గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే సైకిల్ రేసులో ఈ పనివాళ్ళెందుకో అర్థం కాదు. మా సముద్రం వైపు ఊళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. తెల్లారుజామున గాలి నేల మీంచి సముద్రం మీదికి పోతుంది, మధ్యాహ్నమయ్యాక సముద్రం మీంచి నేల మీదికి వస్తుంది. మైపాడు నుంచి నెల్లూరికి పొద్దున్నే సైకిలు మీద చేపల బుట్ట కట్టుకుని పోయే మనిషికి పోయేటప్పుడూ ఎదురుగాలే, ఎండలో తిరిగొచ్చేటప్పుడూ ఎదురుగాలే. (ఇప్పుడు మోపెడ్లు వచ్చాక ఆ బాధ తగ్గింది.) వైశాఖంలో పడమటి గాలి ఎత్తుకుంటే ఇంక చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు మేం ట్యూషన్‌కి పోయేటప్పుడు బలంగా ఉన్నవాడు ముందు, మిగతావాళ్ళు వాడి వెనక చక్రానికి ఆనుకున్నట్టు వచ్చేవాళ్ళం. ఇందులో సైన్సుందని అప్పుడెవరికీ తెలీదు.

సైన్సు గట్టిదే. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ బెర్ట్ బ్లాకెన్ బృందం 121 మంది రైడర్ల గుంపుని కంప్యూటర్లోనూ, విండ్ టన్నెల్లోనూ పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించింది. గుంపు నడిమధ్యలో, వెనక భాగంలో ఉన్నవాడి మీద గాలి నిరోధం, ఒంటరిగా తొక్కేవాడి మీద పడేదాంట్లో 5 నుంచి 10 శాతమేనట. అంటే ఎవడో ముందు నిలబడి తింటున్నాడు కాబట్టి వెనకవాడి కాళ్ళు ఆఖరి కొండకి తాజాగా ఉంటాయి. బెల్జియం రైడర్ టిమ్ డెక్లెర్క్‌కి 'ఎల్ ట్రాక్టర్' అని పేరు. గంటల తరబడి గుంపుని ఒక్కడే లాగేవాడు. టీవీలో మధ్యాహ్నమంతా వాడే కనిపించేవాడు, ఆఖరి పది కిలోమీటర్లలో మాయమైపోయేవాడు. ఫలితాల్లో వెతికితే ఎక్కడో కింద.

మరి నిజం రేసుల పట్టికలు ఎలా ఉన్నాయి? ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ 2020 నుంచి 2022 దాకా మూడేళ్ళ పాయింట్లు కూడి, పైమెట్టు నుంచి ఎవర్ని దించాలో తేల్చింది. ఏ ఏడాదికాఏడాది, జట్టులో ఎక్కువ పాయింట్లు తెచ్చిన పది మందివే లెక్క. పదకొండోవాడు ఏం తెచ్చినా పట్టికలో సున్నా. పైగా ఆ లెక్కలో టూర్ డి ఫ్రాన్స్‌లో ఒక స్టేజి గెలిస్తే 120 పాయింట్లు, ఎవరూ పెద్దగా చూడని ఒక చిన్న ఒకరోజు రేసు గెలిస్తే 125! ఇంజినీర్లకి ఇంతకంటే సూటిగా చెప్పగలిగేదేముంది? జట్లు ఏం చేస్తాయో అదే చేశాయి. కిందికి జారే ప్రమాదంలో ఉన్న లోటో సౌదాల్ తన కుర్ర రైడర్ అర్నో డి లీని 2022లో చిన్న రేసుల వెంట తిప్పి పాయింట్లు ఏరింది. అయినా సరిపోలేదు. ఆ జట్టూ, ఇజ్రాయెల్ ప్రీమియర్ టెక్ జట్టూ దిగిపోయాయి. 2023లో యూసీఐ లెక్క మార్చింది, టూర్ స్టేజికి 210 ఇచ్చింది, పది మందికి బదులు ఇరవై మందివి కూడటం మొదలెట్టింది.

నాకన్నిటికంటే ఆశ్చర్యమనిపించేది 2024 జులై 2. ఆ రోజు మార్క్ కావెండిష్ టూర్‌లో తన 35వ స్టేజి గెలిచాడు. ఎడీ మెర్క్స్ 34 రికార్డు దాటాడు. సైక్లింగ్ తెలిసినవాళ్ళు ఇప్పటికీ ఆ రోజు గురించి మాట్లాడుకుంటారు. ఆయన జట్టు అస్తానా మూడేళ్ళ పట్టికలో అప్పటికే ప్రమాదంలో ఉంది, ఆ చరిత్రకి దానికి వచ్చింది 210 పాయింట్లు. రెండో స్థాయి ఒకరోజు రేసు ఏది గెలిచినా 200 వస్తాయి. మర్నాడు ఆ జట్టు మేనేజరుగా ఉంటే మీరేం చేస్తారు? 2025లో వాళ్ళు చేసింది పట్టికకి తగిన పనే. చిన్నాచితకా రేసులన్నిటికీ మనుషుల్ని పంపి, పోగేసి, పోగేసి, పైమెట్టులో నిలబడ్డారు. వాళ్ళని తప్పు పట్టను. ఇళ్ళు గడవాలి కదా.

అయితే ఇదే ఆటలో ఇంకో లెక్క కూడా ఉంది, ఎక్కడా పట్టికలో కనపడదు. టూర్ గెలిచినవాడికి మొదటి బహుమతి 5 లక్షల యూరోలు. ఆ డబ్బు గెలిచినవాడు జేబులో వేసుకోడు. జట్టులో పంచడం ఆనవాయితీ, తోటి రైడర్లకీ, మెకానిక్కులకీ, కాళ్ళు పిసికేవాళ్ళకీ. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మా ఒడ్డున లాగే అలివి వల. పడవలో పోయి వల వేసి వస్తారు, రెండు కొసల తాళ్ళూ ఒడ్డున రెండు గుంపులు పట్టుకుని లాగుతాయి. పడిన చేప అమ్మగా వచ్చిందాంట్లో ఖర్చులు పోను వల వాళ్ళకి ఇంత, పడవకి ఇంత, తాడు పట్టిన మనుషులకి ఇంత అని వాటాలు. ఎవడు ఎన్ని మూరలు లాగాడని ఎవరూ రాసుకోరు. గుంపులో ఒకడు దొంగలాగుడు లాగుతుంటే పక్కనున్నవాడికి తెలుస్తుంది, నోరు చేసుకుంటాడు, అంతటితో సరి. అక్కడంతా ధర్మమే నడుస్తుందని నేననను, వాటాల దగ్గర తగాదాలు నేనూ చూశాను. అవి కళ్ళతో చూసినదాని మీద వచ్చే తగాదాలు.

సరే, లీగు సంగతికొస్తా. జువ్వలదిన్నె వాడు ప్లాన్లు మానేశాక మిగతా ఏడుగురం ఒక ఆదివారం కాల్‌లో కూర్చున్నాం. కావలి వాడు ఒక ఉపాయం చెప్పాడు: పనివాళ్ళకీ పాయింట్లిద్దాం, గుంపు ముందు ఎన్ని కిలోమీటర్లు లాగితే అన్ని. అందరికీ న్యాయంగానే తోచింది. రెండు వారాలు నడిచింది. మూడో వారం అల్లూరు వాడు బల్లపరుపు రేసులో, స్ప్రింటరే లేని జట్టుతో, పదో కిలోమీటరు నుంచి నలుగురిని ముందుకు తోసి ఎవరికోసమో తెలీకుండా లాగించాడు. ఆ వారం అందరికంటే ఎక్కువ పాయింట్లు వాడికే :) ఆఫీసులో లైన్ల లెక్కన కోడ్ కొలిచిన రోజులు మీకు గుర్తుంటే ఈ కథ మీకు ముందే తెలుసు. ఆ రూలు తీసేశాం.

చివరికి కుదిరింది ఇది. వ్యక్తుల పట్టిక ఎత్తేశాం. జట్టు పట్టిక ఏడాదికి ఒక్కసారి, అక్టోబరులో. నెలాఖరుకి మాత్రం నేను ప్రతి జట్టు గురించి నాలుగు వాక్యాలు రాస్తా: ఏ రైడరుకి ఏ పని చెప్పారు, వాడు చేశాడా లేదా. అందుకు రేసుల రికార్డింగులు చూడాలి, ప్లాన్లు మళ్ళీ చదవాలి. స్క్రిప్టుకి నాలుగు సెకన్లు పట్టేది, నాకు ఆరేడు గంటలు పడుతోంది. ఈ తేడా దగ్గరే నాకు ఆఫీసు పట్టిక అర్థమైంది. మావాడి మేనేజరు చెడ్డవాడు అయ్యుండకపోవచ్చు. ముప్ఫై మంది ఏం చేశారో చదివే టైము ఆయనకి ఎవరూ ఇవ్వలేదు, నాలుగు సెకన్ల పట్టిక మాత్రం ఇచ్చారు. ఆ నాలుగు సెకన్ల ఖరీదు వీడి ఉద్యోగం. చూడకపోవడం చౌక కాబట్టి చూడరు, అంతే. డాష్‌బోర్డు మీద రంగులెన్ని మార్చినా అది మారదు.

మా వాళ్ళలో ఇద్దరికి ఈ పద్ధతి నచ్చలేదు. "నెలనెలా ఎవడు ఫస్టో తెలీకపోతే మజా ఏముందిరా" అంటున్నాడు ముత్తుకూరు వాడు. వాడన్నదీ నిజమే, పట్టిక వచ్చిన రాత్రి ఫోన్లలో ఉన్న సందడి ఇప్పుడు లేదు. బోగోలు వాడైతే సొంతంగా పట్టిక తీసుకుని రహస్యంగా దాచుకుంటున్నాడని అనుమానం.

జువ్వలదిన్నె వాడు జులైలో ఉద్యోగం మానేశాడు, వాళ్ళు తీసేసేలోపే. ఇప్పుడు ఊళ్ళో ఉన్నాడు, ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి, రెఫరల్ ఇప్పించగలిగిన వాళ్ళని అడుగుతున్నాం. జూన్, జులై నెలల్లో వాడి గురించి నేను రాయడానికేమీ లేకపోయింది, జట్టు ప్లాన్ లేకుండా గేమ్ ఇష్టానికి తొక్కింది. మొన్న గురువారం రాత్రి, గడువుకి ఒకరోజు ముందే, స్పెయిన్ రేసుకి వాడి నుంచి ప్లాన్ వచ్చింది. ఉన్నదున్నట్టు ఇస్తున్నా:

"మూడో స్టేజి. రోడ్డు ఒడ్డెమ్మటే, గాలి కుడి పక్కనుంచి కొడతది. నలభయ్యో కిలోమీటరు కాడ ఆరుగురూ ముందుకి రండి, వాలుగా నిలబడి లాగండి. కొండోడ్ని ఎడం పక్కన లోపల పెట్టుకోండి, వాడికి గాలి తగలకూడదు. ఎవరన్నా ఎనకబడితే ఆగబాకండి, రేపు చూసుకుందాం."