మామగారి చెట్టు కింద

చెట్టుకి తోడు వెతకడం పిల్లకి సంబంధం వెతకడం కన్నా కష్టమని మా అత్తగారి వాకిట్లో తెలిసొచ్చింది నాకు.

మా అత్తవారిది వేమూరు. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలెక్కితే దారిలో తగిలే ఊరు. ఎటు చూసినా వరిచేలూ, అరటి తోటలూ, కాలవ గట్లూ. అలాంటి ఊళ్ళో, కాళ్ళకి అంటుకుంటే ఒక పట్టాన వదలని నల్లమట్టిలో, మా వీధి వాకిట్లో ఒక పైన్ చెట్టు! ఊరంతా దాన్ని క్రిస్మస్ చెట్టంటారు. 2004లో మా మామగారు కడియం నర్సరీ నుంచి జానెడు మొక్కని కుండీలో పెట్టుకుని, పసిపిల్లని తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. ఇప్పుడది డాబా దాటి పోయింది.

ఆ ఇంట్లో వాకిలి మామగారిది, పెరడు అత్తగారిది. ఎవరూ కాగితం రాసుకోలేదు గానీ సరిహద్దులు మాత్రం స్పష్టం. వాకిట్లో చెట్టూ, పడక కుర్చీ, పేపరూ. పెరట్లో నూతి దగ్గర కరివేపాకూ, ఆనపపాదూ, కనకాంబరాలూ. కనకాంబరాలు ముందు వైపు వేస్తానని ఆవిడ ఎప్పుడో అడిగితే, "వాసన లేని పువ్వు ఎందుకే, దండగ" అన్నారట ఆయన. అంతే, మళ్ళీ అడగలేదు. ఆడవాళ్ళం ఎన్ని సంగతులు అలా ఒక్కసారి అడిగి ఊరుకుంటామో లెక్క వేస్తే పెద్ద పుస్తకమే అవుతుంది.

2019లో మామగారు పోయారు. ఒక్కరూ ఆ ఇంట్లో ఎందుకు, విజయవాడ వచ్చెయ్యమని మావారు పోరు పెట్టారు. ఆవిడ కాదనలేదు. "ఆ చెట్టు కింద బోసిగా ఉంది. ఏదన్నా వేసి, అది బతికాక వస్తాను" అన్నారు.

"ఏదో ఒకటి వేసి పారేసి రమ్మనవే" అన్నారు మావారు నాతో. మొక్కలంటే ఆయనకి కూరల సంచీలోంచి పైకి కనిపించేవి మాత్రమే తెలుసు.

మొదటి ఏడు పసుపు వేశారు అత్తగారు. దుగ్గిరాల పసుపు మార్కెట్టు మాకు దగ్గరే. మొక్కజొన్న నీడలోనే ఏపుగా వచ్చే పసుపుకి ఈ నీడ ఒక లెక్కా అన్నారు. నిజంగానే వచ్చింది. కానీ దుంప తవ్వాలి కదా! తవ్వినప్పుడల్లా పలుగుకి చెట్టు వేళ్ళు తెగి వచ్చాయి. కంద వేసినా అదే బాధ. పైగా కింది కొమ్మలు రెండు ఎండాయి. "మీ మామయ్యగారి చెట్టు పక్కన ఎవర్నీ నిలవనివ్వదమ్మాయ్" అన్నారావిడ. నవ్వుతూనే అన్నారు.

అప్పుడు రంగంలోకి దిగాను నేను. బి.ఏ. చదివినా, నవల్లో నాయికల చేత పూలతోటలు వేయించిన అనుభవం ఉంది కదా! చెట్టు చుట్టూ ఇటుకలు పేర్చి, రెండు ట్రక్కుల ఒండ్రు మట్టి తోలించి, మానుకి ఆనించి మూరెడు ఎత్తున అరుగులా పోయించాను. అందులో బంతీ, గులాబీ నాటాను. చూడ్డానికి పెళ్ళిపందిరిలా ఉందని నేనే మురిసిపోయాను. రెండు నెలల్లో గులాబీలు మాడాయి, బంతి పొడుగ్గా సాగి పడిపోయింది. చెట్టు ఆకులు పచ్చబారడం మొదలెట్టాయి.

అత్తగారు నన్నేమీ అనలేదు. పొద్దున లేచి చూద్దును కదా, ఆవిడ గరిటె లాంటి తాపీ ఒకటి పట్టుకుని, మాను మొదట్లోంచి మట్టి కొంచెం కొంచెం తీసి తట్టలో పోస్తున్నారు. డెబ్భై దాటిన మనిషి. "ఊపిరాడక కాబోలు" అన్నారంతే. సిగ్గుతో చచ్చిపోయి నేనూ కూర్చుని తీశాను.

ఆ పండగకి మా మేనల్లుడు వచ్చాడు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివాడు. వాడు చెప్పేదాకా మాకు తెలీని సంగతులు చాలా ఉన్నాయి. ఇది అసలు పైనే కాదట, అరకేరియా అట. నార్ఫోక్ దీవి పైనని అమ్మేవాటిలో చాలా భాగం న్యూ కాలెడోనియా దీవుల జాతివట. 1774లో కెప్టెన్ కుక్ ఆ దీవుల్లో ఈ చెట్లని చూసి ఓడ స్తంభాలకి పనికొస్తాయని సంబరపడ్డాడట. రాలిన ఆకుల వల్ల నేల పులిసిపోయి కింద ఏదీ బతకదని ఊళ్ళో అందరూ అనేది పెద్ద నిజం కాదట. నీడా, పైపైన పాకిన వేళ్ళు నీళ్ళన్నీ తాగెయ్యడం, ఇవే కారణమట. వేళ్ళ మీద మట్టి పోస్తే గాలి అందదు. "అమ్మమ్మ చేసిన పనే సరైంది" అన్నాడు వాడు. నా వైపు చూడకుండా అన్నాడు, మంచివాడు.

ఇంకో సంగతి. మా చెట్టు కాస్త దక్షిణానికి వాలి ఉంటుంది. యముడి దిక్కుకి వాలింది, కొట్టించెయ్యమని చుట్టాలు. ఎప్పుడు తన పెంకుల మీద పడుతుందోనని దక్షిణం ఇంటాయన. తీరా ఈ జాతి చెట్లు ఎక్కడున్నా భూమధ్యరేఖ వైపే వాలతాయని 2017లో శాస్త్రజ్ఞులు తేల్చారట. మనకి భూమధ్యరేఖ దక్షిణాన ఉంది మరి. ఇది విన్నాక అత్తగారు, "పుట్టింటి వైపు చూడ్డం కూడా తప్పేనా?" అన్నారు.

ఆ తరవాత ఎంపిక ఆవిడే చేశారు. మా వైపు ఆడవాళ్ళకి తోడు మొక్కల సంగతి ఒకరు చెప్పాలా? తమలపాకు తీగకి ముందు అవిసె నాటతారు, నీడకీ ఊతకీ. వరి కోయకముందే ఆ తడిలో మినుములు చల్లుతారు. ఎవరి వెనక ఎవర్ని, ఎవరి పక్కన ఎవర్ని అన్నది చూసి పెరిగిన మనిషి ఆవిడ. మాను చుట్టూ రెండు బారల మేర ఏమీ వెయ్యలేదు, రాలిన ఆకుని అలాగే ఉంచారు. తూర్పు ఎండ తగిలే చోట వాన లిల్లీలు. నీడలో స్పైడర్ మొక్కలు, అవీ కుండీల్లోనే. ఇక అంచున, అరనీడలో, వరసగా కనకాంబరాలు! తవ్వే పని లేదు, పలచటి నీడంటే వాటికి ఇష్టం.

2023 జూన్‌లో నాటారు. డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గంటకి వంద కిలోమీటర్ల గాలి. ఆ రాత్రంతా కరెంటు లేక, దక్షిణం ఇంటాయన సంసారమంతా మా హాల్లో. చెట్టు ఊగిన ఊపుకి నేను దేవుళ్ళందరికీ మొక్కేశాను. అత్తగారు మాత్రం కిటికీ దగ్గర కూర్చుని, "నిలబడండి, నిలబడండి" అంటున్నారు. చెట్టుని 'మీరు' అనడం అప్పుడే విన్నాను.

చేలన్నీ మునిగాయి. మా చెట్టుకి మాత్రం ఒక కొమ్మ పోయింది, అంతే. నేల కరుచుకున్న కనకాంబరాలు కొన్నాళ్ళకి లేచాయి. ఎండిన కాయలు తడికి టపటపా పేలి గింజలు వాకిలంతా చిమ్మాయి. సంక్రాంతి వెళ్ళేసరికి ఎక్కడ చూసినా మొలకలే.

ఇప్పుడు విజయవాడ మాట మావారు ఎత్తడం లేదు. మొక్క బతికాక వస్తానన్నావు కదమ్మా అంటే, "బతికినవాటిని వదిలి ఎలా వస్తానురా" అన్నారావిడ. జవాబు లేక ఈయన పేపరు తెరిచారు, మామగారి కుర్చీలోనే.

మొన్న వెళ్ళినప్పుడు అరటినారతో బారెడు దండ కట్టారు అత్తగారు, మధ్యమధ్య మరువం వేసి. సగం తుంపి నా జడలో పెట్టారు. "మీరూ ఒక మూర పెట్టుకోండి అత్తయ్యగారూ, ఎవరేమంటారు ఇప్పుడు?" అన్నాను ధైర్యం చేసి.

"చాల్లే" అన్నారు. కాసేపు మిగిలిన దండని చేతిలోనే తిప్పుకుంటూ కూర్చున్నారు. తరవాత లేచి వెళ్ళి, చేతికందిన కొమ్మకి దాన్ని చుట్టి వచ్చారు.

"వాసన లేని పువ్వుట! ఇప్పుడు కాదనమను చూద్దాం."