రెండు రోజుల జ్వరం

పోయిన వానాకాలం ఒక సెమినార్ కోసం హైదరాబాదు వెళ్ళి, నిర్వాహకులు ఇచ్చిన హోటల్ గదిలో మూడు రోజులున్నాను. రెండోరోజు పొద్దున నా పత్రం దిద్దుకుంటుంటే గది శుభ్రం చేసే ఆమె వచ్చింది. నలభై దాటి ఉంటాయి. దుప్పటి లాగుతూ లాగుతూ మంచం పట్టుకుని ఆగిపోయింది. చెయ్యి ముట్టుకుంటే కాలిపోతోంది.

"ఇంత జ్వరంతో ఎందుకొచ్చావమ్మా?" అన్నాను. నెలజీతం, సెలవుచీటీ ఉన్నవాళ్ళు అడిగే ప్రశ్న అది.

"రాకపోతే ఎట్ల మేడం? కూలి పోతది. అది పోతే పోనీ, రెండుసార్లు రాకుంటే కాంట్రాక్టరు ఇంకొకల్ని పెట్టుకుంటడు. నా పద్నాలుగు రూములు తోటోళ్ళ మీద పడ్తయి. పోయిన నెల ఒకామెకు పానం బాగలేకుంటే ఆమెవి నేనే చేసిన, నడుములు పడిపోయినయి. మల్ల ఆమె మీద ఎట్ల ఏస్త?"

కూలి సంగతి నేను ఊహించిందే. చివరి మాట ఊహించలేదు. ఒకరు రాకపోతే బదులు మనిషిని పెట్టాల్సింది హోటల్ వాళ్ళు. పెట్టరు. ఆ బరువు పక్క ఆడమనిషి నడుం మీదకి జరుగుతుంది. అప్పుడు జ్వరం రావడం కూడా స్నేహితురాలికి చేసిన అన్యాయంలా తోస్తుంది. మనం ఎంతో ఇష్టంగా రాసుకునే సోదరిభావాన్ని అక్కడ హాజరుపట్టీ కింద వాడుకుంటున్నారు. నేను సీఎల్ పెడితే నా క్లాసు ఖాళీగా పోతుంది, అంతే. పిల్లలు సంతోషిస్తారు కూడా.

కాసేపు కుర్చీలో కూర్చోమన్నాను. వద్దంది. వరండాలో కెమెరా ఉందట, ఏ గదిలో ఎంతసేపున్నదీ చూస్తారట. నేనిచ్చిన డోలో గోళీ జేబులో వేసుకుని, "జెరమంటే చెయ్యి పట్టి చూస్తరు మేడం, కడుపునొప్పంటే నవ్వుతరు" అంది. ఏ కడుపునొప్పో నాకు విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

ఇక నేను చేసిన ఘనకార్యం. నా గది నేనే సర్దుకుంటానని ఆమెని పంపేసి, ఒక గది పనైనా తగ్గుతుందని తలుపుకి 'ఇబ్బంది పెట్టవద్దు' బోర్డు తగిలించి సెమినార్‌కి వెళ్ళాను. ఆడవాళ్ళ శ్రమ మీదే నా పత్రం. చప్పట్లు బాగానే కొట్టారు. రాత్రి ఏడున్నరకి తిరిగొచ్చి తలుపు తీశానో లేదో, వెనకాలే ఆమె. షిఫ్టు నాలుగింటికే అయిపోయింది. కానీ బోర్డు ఉన్న గదిలోకి వెళ్ళకూడదు, లెక్కలో ఉన్న గదిని వదిలి ఇంటికీ వెళ్ళకూడదు. సూపర్‌వైజర్ టిక్కు పడాలి. మూడున్నర గంటలు, ఆ ఒంటితో, దుప్పట్ల గదిలో నేల మీద కూర్చుని నాకోసం ఎదురు చూసింది. ఒక్క మాటనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ రాత్రి చట్టాలు వెతికాను. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం హోటళ్ళకీ వర్తిస్తుంది. ఏడాదికి 12 రోజులు జీతంతో అనారోగ్య సెలవు ఉంది. ఎవరి రిజిస్టర్‌లో పేరుందని ఆమె అడగాలి? హోటల్ కాంట్రాక్టర్ని చూపిస్తుంది, కాంట్రాక్టర్ హోటల్ని. ఈఎస్ఐ ఉంది. 21,000 లోపు జీతగాళ్ళకి 0.75 శాతం కోస్తారు. తన జీతంలోనూ కోస్తున్నారనీ, కార్డు మాత్రం చేతికి రాలేదనీ పరుపు సర్దుతూ ఆమే చెప్పింది. కార్డు వస్తే ఏమిటి? జబ్బుపడితే కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. అయితే మామూలుగా మొదటి రెండు రోజులకి ఏమీ రాదు. కాలు విరిగినవాళ్ళకి అక్కరకొస్తుంది, కాదనను. కానీ ఆమెకొచ్చేవి రెండు రోజుల జ్వరాలు. డాక్టరు చీటీ కోసం డిస్పెన్సరీ ముందు నిలబడితే ఆ రోజూ కూలి పోయినట్టే.

మర్నాడు గది ఖాళీ చేస్తుంటే కౌంటర్‌లో ఒక ఫారం ఇచ్చారు. గది శుభ్రత ఎలా ఉంది, సిబ్బందిలో ఎవరి గురించైనా ప్రత్యేకంగా చెప్పాలనుకుంటున్నారా అని. జ్వరంతో పనిచేసిందని రాస్తే ముందు ఎవరిని పిలుస్తారో నాకు తెలుసు. బాగా చేసిందని రాస్తే, జ్వరంలోనూ చేయగలదన్నమాట. శుభ్రత దగ్గర 'చాలా బాగుంది' మీద టిక్కు పెట్టి, పేరు రాసే గడి ఖాళీగా వదిలి, ఆటో ఎక్కాను.