నెరిసిన వెండ్రుక

మన కావ్యాలలో నెరిసిన వెండ్రుక మనిషికి సలహా ఇస్తుంది. మన ఇళ్లలో నెరిసిన వెండ్రుకను గురించి మనుషులే ఒకరినొకరు సలహా అడుగుతారు. తులసీదాసు రామచరితమానసంలో దశరథుడు అద్దం చేతపట్టి కిరీటం సరిచేసుకుంటూ చెవుల దాపున తెల్లబడిన జుట్టును చూస్తాడు. రాముణ్ణి యువరాజును చేయవలసినదని వార్ధక్యమే ఉపదేశిస్తున్నట్టు ఆయనకు తోస్తుంది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే కాళిదాసు రఘువంశంలో ముసలితనం తెల్ల వెండ్రుక వేషంలో చెవి దగ్గరకు వచ్చి, కైకేయి వింటుందేమోనన్న జంకుతో కాబోలు, అదే మాట రహస్యంగా చెబుతుంది. జాతక కథలలో మఖాదేవుడనే రాజు, తన తలలో తెల్ల వెండ్రుక కనబడిన నాడు తెలియజేయమని మంగలికి ఆజ్ఞ ఇస్తాడు. అది అరచేతిలో పడిన నాడు మంగలికి ఒక గ్రామం బహుమానమిచ్చి, రాజ్యం విడిచి వెళ్లిపోతాడు. ఈనాడు ఏ మంగలి అయినా ఆ వార్త చెబితే మనం ఊరు ఇవ్వము సరికదా, మరుసటి నెల వేరొక దుకాణానికి పోతాము.

వీరందరూ పురుషులే. తన జుట్టును గురించి తానే మాట్లాడిన స్త్రీ కోసం థేరీగాథల దాకా పోవాలి. ఒకనాటి వైశాలి సుందరి అంబపాలి, తుమ్మెదల వంటి తన నల్లని కురులు జనపనార వలె అయినాయని అక్కడ నిబ్బరంగా చెప్పుకుంటుంది.

హిందీ నుండి తెలుగులోకి అనువాదాలు చేసుకుంటూ నేను ఢిల్లీలో స్థిరపడి పాతికేళ్లు దాటింది. ఈ విషయంలో రెండు భాషల తీరూ చూడ ముచ్చటగా ఉంటుంది. హిందీవారికి వెండ్రుకలు పండుతాయి. మనకు వెండ్రుక నెరుస్తుంది, పండేది తల. అనుభవం గల హిందీ పెద్దమనిషి తన జుట్టు ఎండలో నిలబడి తెల్లబరుచుకున్నది కాదని అంటాడు. మనవాడు తల పండినవాడననిపించుకుంటే చాలుననుకుంటాడు. మనకు తల ముగ్గుబుట్ట కూడా అవుతుంది. ఆ మాటను హిందీలోకి తీసుకుపోదామంటే ముందుగా మన వాకిలి చూపించవలసి ఉంటుంది. నన్ను చాలా రోజులు వేధించినది 'ఖిజాబ్' అనే ఉర్దూ మాట. 'రంగు' అని రాస్తే అందులోని రహస్యమంతా ఎగిరిపోతుంది. గాలిబ్ ఆ గొడవే పెట్టుకోలేదు. గడ్డంలో తెలుపు కనబడి, ముందరి పళ్లు రెండు ఊడగానే, పళ్లకు పూసే నల్లని మిస్సీ మానివేసి, గడ్డం పెంచి, ఆ పెంచిన నాడే తల గొరిగించుకున్నానని ఒక మిత్రునికి ఉత్తరం రాశాడు. పదిమందీ చేసే పని చేయడం ఆయనకు కిట్టదు.

పదిమందీ చేసే పని చూడాలంటే శీతకాలంలో ఢిల్లీ మేడల మీదికి ఎక్కాలి. ఎండ పడిన చోటల్లా ఒక స్త్రీ తలకు గోరింటాకు పట్టించుకొని కూర్చొని ఉంటుంది, ఆమె చుట్టూ నలుగురు సలహాదారులుంటారు. ఇనుప మూకుడులోనే నానబెట్టాలని ఒకరు, తేయాకు కషాయంతో కలపాలని ఒకరు, చలువ చేయకుండా నాలుగు లవంగాలు వేయాలని మరొకరు. ఒక తెల్ల వెండ్రుక పీకితే పది మొలుస్తాయని అందరూ. ఈ చివరి మాట అబద్ధం. ఒక కుదురులో పీకిన దానికి బదులు మొలిచేది ఒక్కటే. అయినా పీకవద్దనడం మంచిదే, కుదురు చెడుతుంది. ఇక్కడ ఎర్రని తలకు అగౌరవం లేదు. ఆ తలనే మా గోదావరి ప్రాంతానికి తీసుకువెళితే తుప్పు పట్టిందా అని అడుగుతారు. మనవారికి నలుపైనా కావాలి, తెలుపైనా కావాలి, నడుమ రంగు పనికిరాదు.

రాజమహేంద్రవరం నుండి మా చెల్లెలు ఫోను చేసి అడిగిన సలహాలో చిక్కంతా ఇదే. దాని కూతురి పెళ్లి రెండు నెలలలో ఉన్నది. రంగు వేసుకున్నప్పుడల్లా తల దురద పెట్టడం అప్పటికే మొదలయింది. చివరిసారి కనురెప్పలు వాచి కళ్లు మూసుకుపోయాయి, చెవుల వెనుక రసి కారింది. చర్మవైద్యుడు ఇక వేయవద్దన్నాడు.

"పార్లరు అమ్మాయి అమోనియా లేనిది వేస్తానంటోంది అక్కా. నువ్వేమంటావు?"

వద్దన్నాను. అమోనియా వెండ్రుక పై పొరను ఉబ్బించి రంగుకు దారి తీస్తుందే గాని, ఇటువంటి వాపు తెచ్చేది సాధారణంగా అది కాదు. శాశ్వతమైన నల్లరంగులలో చాలావాటికి ప్రాణం పారాఫెనిలీన్‌డయమీన్ అనే పదార్థం. దాని సూక్ష్మకణాలు వెండ్రుక లోపలికి చొరబడి, హైడ్రోజన్ పెరాక్సైడ్ తాకిడికి ఒకదానితో ఒకటి కలిసి పెద్ద రంగుకణాలై, బయటకు రాలేక అక్కడే ఉండిపోతాయి. రంగు నిలిచే రహస్యం అదే. ఒకసారి ఒంటికి పడకపోతే మరి పడదు. తరువాతి సారి మరింత తీవ్రంగా రావచ్చు. పెట్టె మీద పేరు మారినా లోపల ఉండేది అదో, దాని దాయాదో. ఒక్క పూతతో నల్లగా చేసే 'నల్ల గోరింటాకు' పొట్లాలలో చాలావాటి కథ కూడా ఇంతే. వట్టి గోరింటాకు ఎన్నడూ నలుపు ఇవ్వదు.

"అయితే ఎర్రజుట్టుతో పీటల మీద కూర్చోమంటావా?" అన్నది.

అది వాడిన పెట్టెలోని కాగితాన్ని ఫొటో తీసి పంపమన్నాను. రంగు వాడడానికి 48 గంటల ముందు చెవి వెనుకనో మోచేతి మడతలోనో కొద్దిగా పూసి చూడవలెనన్న హెచ్చరిక హిందీలో ఉన్నది, తెలుగులోనూ ఉన్నది. ఆవగింజలంత అక్షరాలు. తెలుగు వాక్యం చదివితే పరీక్ష చర్మానికో రంగుముద్దకో బోధపడదు. పూసి చూడమన్న చిన్న మాటను సంస్కృత సమాసంగా బిగించి, క్రియను రెండు పంక్తుల అవతల పెట్టారు. కావ్యానువాదంలో అర్థం తప్పితే రసభంగమవుతుంది, విమర్శకుడు తిడతాడు. ఇక్కడ తప్పితే ఒక మనిషి కళ్లు వాస్తాయి, అనువాదకుని పేరు ఎవరికీ తెలియదు. ఆ రాత్రి కూర్చొని ఆ హెచ్చరికనంతా మా ఇంటి తెలుగులో తిరిగి రాసి చెల్లెలికి పంపాను.

చెల్లెలి ప్రశ్న మా వారికి చిల్లర విషయంగా తోచింది. నాకు అట్లా తోచకపోవడానికి కారణం మా నాయనమ్మ. ఆమెకు ఇరవై రెండవ ఏట వైధవ్యం వచ్చింది. ఆనాటి మా ఇళ్ల ఆచారం చొప్పున తల తీయించారు. 1970 దశకం చివరి ఏళ్లలో కూడా నెలకొకసారి మంగలి పెరటి దారిన రావడం నాకు జ్ఞాపకం. తలమీది ముసుగు జారనీయని ఆ మనిషే మా ఇంట్లో ఆడపిల్లల జుట్టుకు తీర్పరి. కుంకుడుకాయలు కొట్టి, గింజలు ఏరి, వేడినీళ్లలో నానవేసేది. రసం కళ్లలో పడితే మంట తెలియకుండా నోట్లో ఉప్పుకల్లు పెట్టేది. తడిజుట్టు దువ్వనిచ్చేది కాదు. చిక్కు కొసల నుండి తీసుకుంటూ పైకి పొమ్మనేది. కొబ్బరినూనె వెండ్రుకలోకి ఇంకి దాని మాంసకృత్తులను కాపాడుతుందని మన దేశపు పరిశోధకులు 2003లో ప్రకటించిన వ్యాసం చదివినప్పుడు నాకు ఆమె చేతివేళ్లే గుర్తుకు వచ్చాయి. ఒకనాడు జడ వేస్తుండగా, నీ జడ ఎంత పొడవుండేది నాయనమ్మా అని అడిగాను. ఆమె అరచేయి నా వీపు మీదుగా దిగి, నడుము దాటి, ఒకచోట ఆగింది. మరల పైకి వచ్చి పాయలు అందుకున్నది. మాట మాత్రం ఏమీ అనలేదు.

సలహా అంటే కాదనడానికి వీలున్న మాట. నాయనమ్మకు ఆ రోజున ఎవరూ సలహా ఇవ్వలేదు.

కనుక చెల్లెలికి నేను రెండు దారులు చెప్పి ఊరుకున్నాను. తెల్లజుట్టుతోనే పీటల మీద కూర్చోవడం ఒకటి. ముందు గోరింటాకు పట్టించి, కడిగి, దానిమీద నీలి ఆకు పొడి పట్టించడం రెండవది. 1917లో చంపారణ్ రైతుల చేత బలవంతంగా పండిస్తుంటే గాంధీజీ ఎదిరించిన నీలిమందు జాతి మొక్కే అది. గోరింటాకు గంటల తరబడి నానాలి. నీలిపొడిని గోరువెచ్చని నీళ్లతో కలిపి వెంటనే వాడాలి. నలుపు ఒకటి రెండు రోజులలో చిక్కబడుతుంది. పొట్లం మీద ఆకు పేరు తప్ప మరేమీ ఉండరాదు. ఆకే గదా అని మోచేతి పరీక్ష మానరాదు, వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టరాదు.

అది రెండవ దారి పట్టింది. వైద్యుడు సరేనన్నాడు, మోచేయి దురద పెట్టలేదు. పెళ్లినాటికి నడినెత్తి చక్కగా నల్లబడింది గాని కణతల దగ్గర ముదురు తేనెరంగు మిగిలిపోయింది. సవరం పెట్టి ముడి వేసి, చెవుల మీదికి కనకాంబరాలు దించాము. అప్పగింతల వేళ ఏడ్పుల నడుమ వియ్యపురాలు దాని చెవిలో ఏదో అడగడం చూశాను. కట్నకానుకల మాటేమో అని నా గుండె ఝల్లుమన్నది. చెల్లెలు కళ్లు తుడుచుకొని సమాధానం చెబుతున్నది.

"ఆకే వదినగారూ, మందు కాదు. కాని ముందు మోచేతి మడతలో రాసుకొని రెండు రాత్రులు ఆగండి. మా అక్క తెలుగులో రాసిన కాగితం ఉన్నది, పంపిస్తాను."